కరువు వస్తుందని తెలిసి కూడా సోమాలియాలో జీవాల్ని ముందే ఎందుకు అమ్ముకోరు?

కదిరి_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:42

నిద్ర పట్టక యూట్యూబ్‌లో సోమాలియా కరువు మీద ఒక వీడియో చూశాను, 2022 నాటిది. మట్టి రోడ్డు పక్కన వరసగా మేకల కళేబరాలు, అరవై డెబ్బై ఉంటాయి, పక్కనే ఒక పెద్దాయన కర్ర భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఏడవడం లేదు, ఏమీ అనడం లేదు, ఊరికే చూస్తున్నాడు.

మాది కదిరి పక్కన పల్లె. కరువు నాకు కొత్త కాదు. 2002లో గడ్డి దొరక్క మా తాత ఎద్దుల్ని అమ్మేశాడు. అమ్మాడు గానీ కళ్లముందు చావనివ్వలేదు. నాకు అర్థం కానిది అదే. అక్కడ వరసగా ఐదు సీజన్లు వాన పడలేదంట. ఒకటి పోయాక తెలీదా? పోనీ రెండు పోయాక? వంద మేకలుంటే ఎనభై అమ్మేసి డబ్బు దగ్గర పెట్టుకుంటే మిగతా ఇరవై బతుకుతాయి, ఇంట్లో పిల్లలూ బతుకుతారు కదా. తెలివితక్కువ ప్రశ్న అయితే తిట్టకండి, తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిగా_సుబ్బారావు · రాత్రి 10:51

ఇందులో తెలియనిదేముంది. 1991లో సర్కారు కూలిపోయిన దగ్గర్నుంచి కొట్టుకుంటూనే ఉన్నారు. వాన పడినా పడకపోయినా అంతే. కరువు ఒక సాకు.

నల్లమల_కాపరి · రాత్రి 11:20

సుబ్బారావు గారూ, మీ సంగతి తర్వాత. తమ్ముడు అడిగింది జీవాల గురించి, అది నాకు కొంచెం తెలుసు. మాది అచ్చంపేట దిక్కు. ఇప్పుడు ఉప్పల్లో ఉద్యోగం చేస్తున్నా గానీ పదో తరగతి దాకా సెలవులన్నీ మంద వెనకే.

తమ్ముడూ, వంద జీవాల మందలో పొట్టేళ్లు ఎన్ని ఉంటాయనుకున్నావ్? నాలుగో ఐదో. మగపిల్లల్ని ఎప్పటికప్పుడు బక్రీదుకో జాతరకో అమ్మేసి ఉంటారు, ఇంటి ఖర్చు నడిచేది దాంతోనే. మిగిలేవన్నీ ఆడవే. నువ్వు అమ్మమంటున్న ఎనభై అవే. ఆడ జీవాన్ని అమ్మితే వచ్చే ఏడు పిల్లల్నీ, ఆ పై ఏడు పిల్లల పిల్లల్నీ కలిపి అమ్మేసినట్టే. కడుపుతో ఉన్నదాన్ని కోతకు ఇవ్వాలంటే మా నాయన రెండ్రోజులు అన్నం తినకపోయేవాడు.

ఇంకోటి, నీకు మేత లేనప్పుడు చుట్టుపక్కల ఎవడికీ ఉండదు. అందరూ ఒకే సంతకు తోలుకొస్తారు. కొనేవాడు డొక్క మీద చెయ్యి పెట్టి చూసి సగం ధర చెప్తాడు. వచ్చే వారం అదీ చెప్పడు. కాపరి మొదట ఆలోచించేది అమ్మడం గురించి కాదు, నడవడం గురించి. ఎండాకాలం మా వాళ్లు కృష్ణ ఒడ్డుకు, అడవిలోకి, కోసేసిన వరి మళ్లలోకి తోలుకుపోతారు. అక్కడ కూడా అంతే చేస్తారని నా అంచనా. నడిచినచోట కూడా గడ్డి లేకపోతేనే సమస్య.

గారిస్సా_డైరీ · రాత్రి 11:58

కాపరి అన్న అంచనా సరైనదే. నేను కెన్యాలో గారిస్సాలో నాలుగేళ్లు లారీల లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. అది కెన్యా అన్నమాటే గానీ ఊరంతా సోమాలీలే, దదాబ్ శరణార్థి శిబిరాలు ఆ జిల్లాలోనే ఉన్నాయి. మా డ్రైవర్లలో సగం మంది ఇళ్లలో ఒంటెలున్నవాళ్లు. అక్కడ విన్నదీ చూసినదీ చెప్తాను, పెద్దదవుతుంది, ఓపిక చేసుకోండి.

వాళ్ల ఏడాది నాలుగు ముక్కలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్ద వాన, దాన్ని ‘గూ’ అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వాన, ‘దేయిర్’. ఈ రెంటి మధ్యన ‘హగా’. దేయిర్ అయ్యాక మార్చి దాకా ‘జిలాల్’. ఈ జిలాల్ మాట ఎత్తితేనే ముసలివాళ్ల ముఖాలు మారిపోతాయి, ఎండా గాలీ దుమ్మూ తప్ప ఏమీ ఉండని కాలం. ఒక గూ పోతే ‘దేయిర్ ఉందిలే’ అనుకుంటారు, దేయిర్ పోతే ‘గూ వస్తుందిలే’ అనుకుంటారు. ఇది అమాయకత్వం అనుకోకండి. ఎప్పుడూ రెండు వానల మధ్య అంచనాతోనే బతికారు, ఒకటి దెబ్బతింటే రెండోది నిలబెట్టేది. 2020 దేయిర్, 2021లో రెండూ, 2022లో రెండూ, ఇలా వరసగా ఐదు పోవడం అక్కడ బతికున్నవాళ్లెవరూ చూడలేదు. 2022 గూ అయితే ఆ ప్రాంతంలో సుమారు 70 ఏళ్లలో అంత తక్కువ వాన పడినది లేదు.

జీవాలన్నీ ఒకేసారి చావవు. ముందు ఆవులు పోతాయి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు లేకపోతే నిలబడవు. తర్వాత గొర్రెలు, ఆ తర్వాత మేకలు, చివరికి ఒంటెలు. ఒంటె వారం పది రోజులు నీళ్లు లేకుండా నడుస్తుంది. అందుకే వాన పోగానే కుటుంబం రెండుగా చీలుతుంది. మగవాళ్లు, పెద్దపిల్లలు ఒంటెల్ని తీసుకుని రెండొందలు మూడొందల కిలోమీటర్లు పచ్చిక వెతుక్కుంటూ పోతారు. ఆడవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు కొన్ని మేకలతో బావి దగ్గరే ఉండిపోతారు. మందను కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ పాలిచ్చే ఒంటె ఎటు పోయింది? మగవాళ్లతో పోయింది. అక్కడ చిన్నపిల్లలకు సగం తిండి పాలే. మంద ఇంకా బతికి ఉండగానే బావి దగ్గరున్న పిల్లలు చిక్కిపోవడం మొదలవుతుంది. ఇది వినేదాకా నాకు తట్టలేదు.

కదిరి_కుర్రాడు · సోమవారం ఉదయం 7:05

ఇది నాకు అస్సలు తెలీదు. మందకు మంచిదే పిల్లలకు చెడ్డదవుతుందన్నమాట. మరి ఆ మేకల్నైనా అమ్మి గింజలు కొనుక్కోవచ్చు కదా?

గారిస్సా_డైరీ · ఉదయం 8:30

కొంటారు. అంకెలు ఊరికే ఊహించుకో. మంచి రోజుల్లో ఒక మేకకు బస్తా జొన్నలు వచ్చేవి అనుకుందాం. కరువులో మేక ధర సగమవుతుంది, జొన్న ధర రెట్టింపవుతుంది. మేకకు పావు బస్తా వస్తుంది. నెల గడిచే బస్తా కోసం ఇప్పుడు నాలుగు మేకలు తోలాలి. ఇరవై మేకలు ఐదు నెలలు. అక్కడ కరువు లెక్క చూసేవాళ్లు ‘ఎన్ని మిల్లీమీటర్లు’ అని అడిగే ముందు ‘మేకకు ఎన్ని కిలోలు’ అని అడుగుతారు. సంత ధరలు వారం వారం రాసుకునే వ్యవస్థే ఉంది. 2022లో దీనికి తోడు ఉక్రెయిన్ యుద్ధం, వాళ్లు కొనే గోధుమలో 90 శాతం దాకా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేది.

నీళ్లు కూడా కొనాలి. నేలలో తవ్వి సిమెంటు పూసిన తొట్లు ఉంటాయి, బర్కద్ అంటారు, వాన నీళ్లు పట్టుకోవడానికి. వాన లేకపోతే అది ఖాళీ గొయ్యి. అప్పుడు ట్యాంకర్ రావాలి, ఆ నీళ్లకు మళ్లీ మేకే అమ్మాలి.

వానలెక్క · ఉదయం 9:14

నాకు పశువుల గురించి తెలీదు, వాన పిచ్చి ఉంది కాబట్టి అంతవరకే.

సోమాలియాకీ మనకీ మధ్య ఉన్నది ఒకే సముద్రం. ఆ సముద్రం పడమర వైపు వేడెక్కి తూర్పు వైపు చల్లబడితే దేయిర్‌లో సోమాలియాలో వానలు దంచుతాయి. తిరగబడితే ఎండిపోతుంది. దీనికి తోడు పసిఫిక్‌లో లానినా ఉంటే, అంటే ఆ సముద్రం నడిమధ్య మామూలు కన్నా చల్లబడితే, దేయిర్‌కు దెబ్బ. మనకు దానికి తిరగబడి ఉంటుంది. లానినా సంవత్సరాల్లో మన రుతుపవనాలు సాధారణంగా బాగుంటాయి. 2020 నుంచి 2022 దాకా వరసగా మూడేళ్లు లానినా. 2021 నవంబరు గుర్తుందా? అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, తిరుపతి వీధుల్లో వరద, నెల్లూరు దగ్గర హైవే కొట్టుకుపోయింది. సరిగ్గా ఆ నెలలోనే సోమాలియాలో మూడో సీజన్ చేతులెత్తేసింది.

2023లో తిరగబడింది. ఎల్‌నినో, అంటే పసిఫిక్ నీళ్లు వేడెక్కాయి. ఆ ఆగస్టు మన దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా పొడి ఆగస్టు, సీమలో వేరుశనగ పైర్లు ఎండిపోయాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి సోమాలియా మునిగింది. ఎండిన నేల రాయిలా బిగిసి ఉంటుంది, నీళ్లు ఇంకవు, అన్నీ ఒకేసారి వాగుల్లోకి. 24 లక్షల మందికి పైగా వరదల్లో చిక్కుకున్నారు, వంద మందికి పైగా చనిపోయారు.

లానినాలన్నీ కరువులు కావు, ఎల్‌నినోలన్నీ వరదలు కావు, ఆ మాట కూడా చెప్పాలి. ఈ ఐదు సీజన్ల కరువు మీద పనిచేసిన శాస్త్రవేత్తలు 2023లో చెప్పింది ఏంటంటే వాన తగ్గడం ఒక్కటే కాదు, ఎండ పెరిగి నేలలో తేమ ఆవిరైపోవడం కూడా పెద్ద కారణమని. అంటే అదే వాన పడినా ఇదివరకటంత గడ్డి మొలవదు.

జిద్దా_రిటర్న్ · ఉదయం 11:40

అన్నా, సోమాలియా గొర్రె అంటే నాకు తెలుసు!! ఒళ్లంతా తెలుపు, తల ఒక్కటే నల్లగా సిరాలో ముంచినట్టు, తోక దగ్గర కొవ్వు ముద్ద. సౌదీలో దాన్ని ‘బర్బరీ’ అంటారు. బెర్బెరా రేవు నుంచి వస్తుంది కాబట్టి ఆ పేరు. నేను జిద్దాలో ఆరేళ్లు పికప్ నడిపాను, హజ్‌కు ముందు నెల రోజులు అదే లోడు, పొద్దున్నుంచి రాత్రి దాకా. ఓడలోంచి దిగుతుంటే చూడాలి, వేలకు వేలు.

మన ఉత్తరాదిలో బర్బరీ మేక అని ఉంది కదా, చెవులు చిన్నగా నిటారుగా ఉండేది, దాని పేరూ అక్కడిదే అంటారు.

నేను చెప్పొచ్చేది, వాళ్ల వ్యాపారమంతా ఒక్క కొనుగోలుదారు మీద, ఒక్క పండగ మీద ఆధారపడి ఉంది. 1997–98లో ఎల్‌నినో వరదలొచ్చి దోమలు పెరిగి రిఫ్ట్ వ్యాలీ జ్వరం అనే పశువుల జబ్బు పుట్టింది, సౌదీ వాళ్లు 1998లో కొనడం ఆపేశారు. మళ్లీ తెరిచారు, 2000లో మళ్లీ మూశారు, ఆ సారి 2009 దాకా తెరవలేదు. తొమ్మిదేళ్లు! వాన పడక పోతే ఒక దెబ్బ, వాన ఎక్కువైతే జబ్బు పేరుతో ఇంకో దెబ్బ. పైగా హజ్‌కు కావలసింది కండ పట్టిన మగ జీవం. కరువులో చిక్కిన ఆడమేకను ఓడ ఎక్కించరు.

సూటిగా_సుబ్బారావు · మధ్యాహ్నం 1:10

అందరూ కథలు బాగా చెప్తున్నారు. కరువు మనకూ వచ్చింది, రాజస్థాన్‌కూ వచ్చింది. ఇక్కడ లక్షల మంది చావలేదే? తేడా వాన కాదు. నేను మొదట అన్నదీ అదే.

చలిదేశం_మాధవి · మధ్యాహ్నం 2:25

సుబ్బారావు గారూ, మీరు మొదట అన్నది ‘కరువు సాకు’ అని. ఇప్పుడు అంటున్నది వేరే మాట. ఈ రెండో మాటతో నాకు పేచీ లేదు.

2011నే తీసుకోండి. జూలై 20న ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలో రెండు ప్రాంతాల్లో క్షామం అని ప్రకటించింది, బాకూల్, దిగువ షెబెల్లి. ఆ కరువులో 2,58,000 మంది పోయారని తర్వాత లెక్క తేలింది, అందులో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు. ఆ ప్రాంతాలు అప్పుడు అల్ షబాబ్ అనే సాయుధ తీవ్రవాద ముఠా చేతిలో ఉన్నాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం అంతకు ముందే 2010 జనవరిలో అక్కణ్ణుంచి తప్పుకుంది, క్షామం నడుస్తుండగానే 2011 నవంబరులో అల్ షబాబ్ 16 సంస్థల్ని బహిష్కరించింది. ఇటు అమెరికా చట్టాలేమో సాయం పొరపాటున వాళ్ల చేతిలో పడితే నేరం అన్నాయి, భయపడి డబ్బు తగ్గించేశారు. వాన పోయింది నిజమే, చంపింది వాన ఒక్కటే కాదు.

ఇక్కడ అమెరికాలో, మిన్నియాపొలిస్‌లో మా వీధి చివర సోమాలీ కొట్టు ఉంది, వేలాది సోమాలీ కుటుంబాలున్న ఊరు ఇది. అక్కడి అక్క నెల నెలా డబ్బు పంపుతుంది, తన పిల్లలకు కాదు, అమ్మకు, మేనమామ పిల్లలకు, ఎప్పుడూ చూడని చుట్టాలకు కూడా. కరువు వచ్చిందంటే రాత్రి రెండింటికి ఫోన్లు మోగుతాయట. 2011 ఆఖర్లో, ఆ క్షామంలోనే, ఈ డబ్బు పంపే కొట్ల ఖాతాల్ని ఇక్కడి ఒక బ్యాంకు మూసేసింది, ఉగ్రవాద చట్టాల భయంతో. ‘ఆ వారం నేను డబ్బు చేతిలో పట్టుకుని ఏడ్చాను’ అంది.

గారిస్సా_డైరీ · సాయంత్రం 4:50

మాధవి గారి పోస్టుకు నా వంతు ఒకటి కలపాలి. ఎవరికి బయట చుట్టాలున్నారో వాళ్లు బతికారు, లేనివాళ్లు చచ్చిపోయారు, కొంచెం మొరటుగా చెప్తున్నా గానీ అంతే. ఒంటెలున్న పెద్ద తెగలవాళ్లకు నైరోబీలో, దుబాయ్‌లో, లండన్‌లో మనుషులున్నారు. బే ప్రాంతంలో జొన్న పండించే రహన్‌వెయ్న్ వాళ్లకూ, జుబ్బా నది ఒడ్డున సాగు చేసే బంటు రైతులకూ అలాంటి బలగం చాలా తక్కువ. 1992లోనూ 2011లోనూ ఎక్కువ పోయింది వాళ్లే. ఇంతసేపూ మనం మేకల గురించే మాట్లాడాం, అసలు ముందు చచ్చేది రైతు.

ఆ బే ప్రాంతంలోని బైదోవా ఊరి చుట్టుపక్కల నేల మంచిది, వాన 500 మిల్లీమీటర్ల పైన, అంటే మన అనంతపురానికి దగ్గర దగ్గర. జొన్న పండితే నేలలో గొయ్యి తవ్వి దాచుకుంటారు, ‘బకార్’ అంటారు.

నల్లమల_కాపరి · సాయంత్రం 5:02

పాతర!! మా అమ్మమ్మ ఇంటి ముందు ఉండేది, జొన్న పాతర. చొప్ప పరిచి జొన్నలు పోసి పైన మట్టితో మూసేవాళ్లు. తీసేటప్పుడు వెంటనే దిగితే ఊపిరాడదని కాసేపు తెరిచి పెట్టేవాళ్లు. వాళ్లకూ ఉందా?

గారిస్సా_డైరీ · సాయంత్రం 5:30

అచ్చంగా అదే అన్నా. పాతర నిండా ఉంటే ఒక కరువు దాటొచ్చు. కానీ యుద్ధంలో మొదట దోచుకునేది కూడా పాతరే. 1991–92లో సైన్యాలు బే మీదుగా అటూ ఇటూ పోతూ పాతరలు తవ్వి ఖాళీ చేశాయి. వాన ఓ మోస్తరుగా పడినా తినడానికీ విత్తడానికీ గింజ లేదు. బైదోవాకు అప్పట్లో మృత్యునగరం అని పేరు పడింది.

మేకలున్నవాడు కనీసం మేకల్ని తోలుకుని నడుస్తాడు. పొలాన్ని తోలుకుని పోలేం కదా. విత్తనం ఎండిపోతే రైతు కూలికి పోవాలి. పక్కవాడి పొలమూ ఎండింది, కూలి ఎవరిస్తారు? నడక మొదలవుతుంది, బైదోవాకో మొగదిషుకో. అక్కడ గుడారం వేసుకోవాలంటే శిబిరానికి ఒక పెద్దమనిషి ఉంటాడు, వచ్చిన సాయంలో అతని వాటా అతనికి ఇవ్వాలి. స్థలం ఓనరుకు కోపం వస్తే ఒక్క రాత్రిలో ఖాళీ చేయిస్తారు.

వానలెక్క · సాయంత్రం 6:15

నదులున్నాయి కదా, షెబెల్లి, జుబ్బా? రెండూ ఇథియోపియా కొండల్లో పుడతాయి. అక్కడ వాన పడితే ఇక్కడ వాన లేకపోయినా నీళ్లు రావాలి.

గారిస్సా_డైరీ · సాయంత్రం 7:20

వస్తాయి, అదే గొడవ కూడా. కాలువలూ తూములూ బ్యారేజీలూ చాలావరకు 1991కి ముందు కట్టినవి, తర్వాత చూసినవాడు లేడు. జోహర్ దగ్గర వరద నీళ్లు నిల్వ చేయడానికి 1980లో జలాశయం కట్టారు, అది పూడికతో నిండిపోయింది. జిలాల్‌లో షెబెల్లి అడుగంటుతుంది, కొన్నేళ్లు కింది భాగం పూర్తిగా ఎండిపోతుంది. అప్పుడు రైతు ఏం చేస్తాడు? గట్టుకు గండి కొట్టి ఉన్న కాస్త నీళ్లనూ పొలానికి తిప్పుకుంటాడు. తప్పంటామా? పైరు చస్తోంది. ఆ గండి పూడ్చకుండానే ఇథియోపియాలో వాన పడుతుంది, నది ఆ గండిలోంచే ఊరి మీద పడుతుంది. 2023 మే నెలలో బెలెద్‌వెయ్న్ ఇలా నది పొంగి మునిగింది, రెండు లక్షల మంది దాకా ఇళ్లు వదిలారు. వరద ఎక్కువగా ఇథియోపియా నుంచి వచ్చింది. అదే ఏడు నవంబరులో మళ్లీ మునిగింది. ఐదు సీజన్లు నీళ్లకోసం ఏడ్చిన మనుషులు.

టోలిచౌకి_చాయ్ · రాత్రి 9:03

నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నా. మా బిల్డింగ్‌లో పైన ముగ్గురు సోమాలీ స్టూడెంట్స్ ఉంటారు, హైదరాబాద్‌లో చాలా మందే ఉన్నారు వాళ్లు. ఈ చర్చ చదివి ఒకడితో చాయ్ తాగుతూ అడిగాను. వాడికి తెలిసింది వాళ్ల అమ్మమ్మ చెప్పిన కరువు, 1974–75ది. దాని పేరు ‘దబధేర్’, అంటే పొడుగు తోకది. పోదు పోదు, లాగుతూనే ఉంటుందని ఆ పేరు. అప్పుడు సియాద్ బర్రె సర్కారు ఉత్తరాన ఉన్న కాపర్లను లక్షకు పైగా మందిని సోవియట్ విమానాల్లో, లారీల్లో దక్షిణానికి తరలించి, ఇక మీరు వ్యవసాయం చేయండి, కొందరు చేపలు పట్టండి అంది. వాళ్ల అమ్మమ్మ అన్నయ్యను చేపల ఊరికి పంపారట. జీవితంలో సముద్రం చూడనివాడు, చేప తిననివాడు. వానలు పడగానే చాలా మంది మగవాళ్లు ఒంటెల దగ్గరికి వెనక్కి పోయారు.

కరువుకు పేరు పెట్టుకోవడం మనలాగే అనిపించింది. మనకు డొక్కల కరువు, ధాత కరువు.

ఇంకో విషయం. వాడు మా బిల్డింగ్ వెనక ఖాళీ జాగాలో కంపచెట్టు చూసి ‘ఇది మా ఊళ్లో కూడా ఉంది, గరన్‌వా అంటాం’ అన్నాడు. అర్థం అడిగితే ‘ఎవరికీ తెలియనిది’ అట.

నల్లమల_కాపరి · రాత్రి 9:25

సర్కారు తుమ్మ! మనవాళ్లు సర్కారోడు వేసిండు కాబట్టి సర్కారు తుమ్మ అన్నారు, వాళ్లు ఎవడేసిండో తెల్వదు కాబట్టి తెలియనిది అన్నారు. పేరు పెట్టడంలో వాళ్లే తెలివైనవాళ్లు.

మేకలు కాయలు తింటాయి, మంచిదే అనుకుంటాం. పేడలో గింజలు పడి పచ్చికబయలంతా ముళ్లకంప అవుతుంది, కింద గడ్డి మొలవదు.

గారిస్సా_డైరీ · రాత్రి 9:48

కెన్యాలో బరింగో దగ్గర కాపర్లు దీని మీద సర్కారును కోర్టుకు లాగారు. 2006లో పళ్లు ఊడిన మేకను సాక్ష్యంగా నైరోబీ కోర్టుకు తీసుకెళ్లారు. కాయల్లో తీపి ఎక్కువ, పళ్లు పుచ్చిపోతాయి.

ఎండకు తట్టుకునే అసలు తుమ్మలేమో బొగ్గుకు పోయాయి. గల్ఫ్‌కు ఎగుమతి. 2012లో భద్రతా మండలి సోమాలియా బొగ్గును నిషేధించింది కూడా, అల్ షబాబ్‌కు ఆదాయం అని. కానీ మేకలు పోయిన మనిషికి వెంటనే చేతికొచ్చే డబ్బు చెట్టు కొట్టడంలోనే ఉంది. వచ్చే కరువులో ఒంటెకు ఆకు మేపేది ఆ చెట్టే.

మోడరేటర్ · రాత్రి 10:10

చర్చ బాగుంది. రెండు పోస్టులు తీసేశాను, మతం గురించి తిట్లు. ఇంకోసారి రాస్తే ఖాతా పోతుంది.

సూటిగా_సుబ్బారావు · రాత్రి 10:31

ఆ రెండూ నావి కావు, ముందే చెప్తున్నా.

సరే, ఒప్పుకుంటున్నా, సాకు అన్నది తొందరపాటు మాట. మరి ఒక ప్రశ్న. 2022లో 2011 కన్నా పెద్ద కరువు అన్నారు. క్షామం అని ఎందుకు ప్రకటించలేదు?

చలిదేశం_మాధవి · మంగళవారం ఉదయం 6:40

దానికి గీతలు ఉన్నాయండీ. ఇరవై శాతం ఇళ్లలో తిండి దాదాపు లేకపోవాలి, ముప్పై శాతం పిల్లలు తీవ్రంగా చిక్కిపోవాలి, రోజుకు పది వేల మందిలో ఇద్దరు చనిపోవాలి. మూడూ దాటితేనే. 2022 సెప్టెంబరులో బైదోవా, బూర్‌హకబా దగ్గర దాటుతుందని హెచ్చరించారు, తర్వాత సాయం ఎక్కువగా వచ్చింది, గీత దాటలేదు. అయినా ఆ ఒక్క ఏడాదిలో 43,000 మంది అదనంగా చనిపోయి ఉంటారని తర్వాత అంచనా వేశారు, సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలు. చచ్చిన జీవాలు 35 లక్షలకు పైగా. 2011లో ప్రకటన వచ్చేసరికే చావవలసినవాళ్లలో సగం మంది పోయారు, అందుకని నాకు ఆ గీతల మీద పెద్ద గౌరవం లేదు.

2017 కాస్త నయం. ముందే డబ్బు వచ్చింది, అదీ బస్తాల్లో కాదు, ఫోన్లో. ఆ దేశంలో కూరగాయల బండివాడు కూడా మొబైల్ డబ్బే తీసుకుంటాడు, మనకు యూపీఐ రాకముందు నుంచి. ఇంట్లో ఆడమనిషి ఫోన్‌కు నేరుగా డబ్బు వస్తే మేక అమ్మకుండా గింజలు కొంటుంది. కానీ 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆగిపోయింది, కరువును ముందే చెప్పే ఫ్యూస్‌నెట్ వెబ్‌సైట్ కూడా కొన్ని నెలలు మూతపడింది. మా కొట్టు అక్క అప్పుడు అన్న మాట, ‘ఇంక మళ్లీ మేమే’.

వానలెక్క · ఉదయం 9:30

బీమా గురించి ఎవరూ చెప్పలేదు. ఉపగ్రహం ఫొటోల్లో పచ్చదనం తగ్గితే మేక చావకముందే కాపరికి డబ్బు వేసే పద్ధతి కెన్యాలో మార్సబిట్‌లో 2010లో మొదలైంది, ఇప్పుడు సోమాలియాకూ తెచ్చారు. మన అనంతపురం వేరుశనగకు వాతావరణ బీమా ఉండేది కదా, దాదాపు అదే ఆలోచన.

కదిరి_కుర్రాడు · ఉదయం 9:52

వానలెక్క గారూ, ఆ బీమా గురించి మా ఊళ్లో అడగకండి. వర్షమాపకం పక్క మండలంలో ఉండేది, అక్కడ పడితే మాకు పడినట్టే లెక్క :)

నల్లమల_కాపరి · మధ్యాహ్నం 12:15

గారిస్సా అన్నా, ఒకటి అడగాలి. మంద మొత్తం పోయినవాడు మళ్లీ ఎట్ల మొదలుపెడతాడు? మా దగ్గర అయితే చుట్టాలు ఒక్కో జీవం ఇస్తారు, లేకపోతే పాలుకు పెంచుతారు, పుట్టిన పిల్లల్లో సగం సగం.

గారిస్సా_డైరీ · మధ్యాహ్నం 2:40

అక్కడా అంతే. పాలిచ్చే ఒంటెనో మేకనో చుట్టం ఇంటికి కొంతకాలం ఇచ్చి, ఎండిపోయాక వెనక్కి తీసుకుంటారు. జకాత్ కింద, అంటే ఇస్లాంలో ఇవ్వాల్సిన దానం కింద, కొన్ని ఇస్తారు. కానీ అది ఒక ఇల్లు చితికి పది ఇళ్లు బాగుంటే నడిచే పద్ధతి. పది ఇళ్లూ ఒకేసారి చితికితే ఎవరిది ఎవరికి ఇస్తారు?

మేకలైతే రెండు మూడేళ్లలో తేరుకుంటాయి. ఒంటె కడుపు మోసేది పదమూడు నెలలు, ఈతకూ ఈతకూ మధ్య రెండేళ్లు. మా డ్రైవర్ ఒకడి నాన్నకు 2011కి ముందు నలభై ఒంటెలు, ఆ తర్వాత ఆరు. 2020కి ఇరవై రెండు చేశాడు. ‘ఇంకో పదేళ్లు వాన పడితే చాలు’ అనేవాడట. తర్వాత ఆ ఐదు సీజన్లు వచ్చాయి. చివరికి ఎన్ని మిగిలాయో డ్రైవర్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కదిరి_కుర్రాడు · రాత్రి 8:47

అందరికీ థ్యాంక్స్. ఒక విషయం రాయాలి, రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నా.

ఇదంతా అమ్మకు ఫోన్లో చెప్పాను. తాత ఎద్దుల్ని అమ్మేసిన సంగతి ఎత్తి, తాత తెలివిగా ముందే అమ్మేశాడు కదమ్మా అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది, అమ్మింది ఒక్కదాన్నే అంట. ఇద్దరు బేరగాళ్లు వచ్చి చెప్పిన ధరకు తాతకు కోపమొచ్చి పొమ్మన్నాడంట, వాన వస్తే రెండూ కావాలి కదా, కొత్త జత ఎక్కడ తెస్తాం అని. రెండు వారాలు ఆగాడు. రెండోది కొట్టంలోనే పడిపోయింది, లేపడానికి నలుగురు వచ్చారు, లేవలేదు. ఊళ్లో మాత్రం రెండూ అమ్మేశామనే చెప్పుకున్నారంట. నాకూ అదే చెప్పారు. ఆ ఏడు మా ఇంట్లో తిన్నది రేషన్ బియ్యం, మా నాన్న బెంగళూరు నుంచి పంపిన డబ్బు.

నల్లమల_కాపరి · రాత్రి 9:10

ఏం పేరు తమ్ముడూ ఆ ఎద్దుకి?

కదిరి_కుర్రాడు · రాత్రి 9:31

రాముడు అంట. అమ్మినదాని పేరు అమ్మకు గుర్తు లేదు.